డిఫ్డా: చల్లబడి వెలుగు పెంచుకున్న నారింజ తార

ఈ పాఠం చదవడానికి ముందు వీలైతే ఒక రాత్రి డాబా మీదకు వెళ్లండి. కార్తీక మాసం చివరి రోజులు, అంటే నవంబరు ఆఖరు వారం, రాత్రి తొమ్మిది గంటల వేళ అయితే మరీ మంచిది. నేను మీర్‌పేట్‌లో మా ఇంటి డాబా మీద నుంచి చూసేదే చెబుతాను. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ మీరు ఏ ఊళ్లో ఉన్నా పెద్ద తేడా ఉండదు.

ముందు నడినెత్తికి కాస్త పడమరగా చూడండి. నాలుగు తారలు ఒక పెద్ద చతురస్రంగా కనిపిస్తాయి. అందులో పడమటి వైపు జంట పూర్వాభాద్ర, తూర్పు వైపు జంట ఉత్తరాభాద్ర. పంచాంగంలో మనం రోజూ వినే పేర్లే. ఉత్తరాభాద్ర జంటను కలుపుతూ ఒక గీత ఊహించి, దాన్ని దక్షిణానికి పొడిగించండి. ఆ రెండు తారల మధ్య ఎంత దూరం ఉందో, దానికి రెండింతలకు కాస్త ఎక్కువ దూరం కిందికి దిగితే ఒంటరిగా ఒక తార తగులుతుంది. చుట్టుపక్కల అంత వెలుగున్న తార మరొకటి లేదు కనుక పొరబడే అవకాశం తక్కువ. అదే డిఫ్డా. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన, తిమింగలం అనే తారామండలంలో ఉంది. ఆ సమయంలో దక్షిణ దిక్కున, క్షితిజానికి సుమారు 55 డిగ్రీల ఎత్తులో ఉంటుంది.

నారింజ తార అన్నాం కదా అని పండు రంగు ఆశించకండి. మసక వెలుగులో మన కంటికి రంగులు సరిగా తెలియవు. నాకు అది లేత తేనె రంగులో కనిపిస్తుంది. మామూలు బైనాక్యులర్ ఉంటే రంగు ఇంకా బాగా తెలుస్తుంది. నైరుతి వైపు, ఇంకా కిందుగా ఫోమల్‌హాట్ అనే తెల్లని తార ఉంటుంది. రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి చూస్తే తేడా పట్టుకోగలరు. ఎల్బీ నగర్ కూడలి దీపాల మధ్య నిలబడితే మాత్రం ఏదీ తెలియదు. ఇంటి దీపాలు ఆర్పి, పది నిమిషాలు చీకటికి కళ్లు అలవాటు చేసుకుని చూడాలి.

పేరు సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోదాం. అరబ్బులు ఫోమల్‌హాట్‌ను మొదటి కప్ప అనీ, దీన్ని రెండో కప్ప అనీ పిలిచారు. డిఫ్డా అంటే కప్ప. తిమింగలం తోక అనే అర్థంలో డెనెబ్ కైటాస్ అనే పేరు కూడా ఉంది. 1603లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహాన్ బేయర్ తన తారాపటంలో దీనికి ‘బీటా’ అనే అక్షరం ఇచ్చాడు. విచిత్రమేమంటే ఆ మండలంలో ‘ఆల్ఫా’ అక్షరం దక్కిన తార కంటే ఇదే ఎక్కువ వెలుగు గలది. అక్షరక్రమం ఎప్పుడూ వెలుగు క్రమమే అనుకోకూడదని పరీక్షల్లో ఎంతమందికి చెప్పినా మళ్లీ అదే రాస్తుంటారు.

హైదరాబాదు వంతుకు వచ్చిన ఆకాశం

ఈ తారనే ఎంచుకోవడానికి నాకు ఒక కారణం ఉంది. 1887లో పారిస్‌లో జరిగిన సభలో, మొత్తం ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, ఒక్కో పట్టీని ఒక్కో వేధశాల ఫొటో తీయాలని నిర్ణయించారు. దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీ దేశంలోని శాంటియాగోకు కేటాయించారు. అక్కడ పని సాగకపోవడంతో అది హైదరాబాదులోని నిజామియా వేధశాలకు వచ్చింది. డిఫ్డా ఆ పట్టీలోనే ఉంది. 1900 నాటి లెక్కలో దాని దక్షిణ క్రాంతి పద్దెనిమిదిన్నర డిగ్రీలు. భూమి అక్షం మెల్లగా దిశ మారుస్తుండటం వల్ల 2000 నాటికి అది 18 డిగ్రీలైంది. నూరేళ్లలో అర డిగ్రీ, అంటే నిండు చంద్రుడి వెడల్పంత, ఉత్తరానికి జరిగింది.

నిజామియా వేధశాలను 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలోని తన స్థలంలో మొదలుపెట్టాడు. మీర్‌పేట్ నుంచి అది ఎంతో దూరం కాదు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టి, తరువాత బేగంపేటకు మార్చింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. రాబర్ట్ పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్ హయాంలో ఏడు లక్షలకు పైగా తారల స్థానాలు గాజు పలకల మీద కొలిచి అచ్చువేశారు. ఆ పని ఉద్దేశం మసక తారల స్థానాలు నమోదు చేయడం. డిఫ్డా లాంటి ప్రకాశవంతమైన తార ఆ పలకల మీద ఉబ్బిన మచ్చలా పడుతుంది. దాని గుట్టు విప్పడానికి వేరే ఉపాయాలు కావాలి. ఆ ఉపాయాల్లో ఒకదాన్ని కనుగొన్నది ఆ వేధశాల ఆవరణతో పరిచయంలో పెరిగిన కుర్రాడే. ఆ సంగతి కాసేపట్లో.

రంగు ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

కాంటాక్ట్ తరగతుల్లో ఒకసారి ఈ విషయం చెబుతుంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి లేచి, “సార్, నారింజ రంగుకు తిరిగిందంటే చల్లబడుతున్నట్టే కదా? చల్లబడిందంటే వెలుగు తగ్గాలి కదా? మరి అంత దూరంలో ఉన్నది ఇంత బాగా ఎలా కనిపిస్తుంది?” అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. “కూర్చో అమ్మా, ఈ గంటంతా దానికే సరిపోతుంది” అన్నాను. నిజంగానే సరిపోయింది.

ఆమె మొదటి వాక్యం సరైనదే. కొలిమిలో ఇనుము కాలేటప్పుడు మొదట ఎర్రబడి, ఇంకా వేడెక్కితే నారింజ, పసుపు, చివరికి తెలుపు అవుతుంది. తారలూ అంతే. డిఫ్డా ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 4,800 కెల్విన్. సూర్యుడిది 5,770. ‘కె0’ వర్ణపట తరగతి అని పట్టికల్లో రాసేది ఈ ఉష్ణోగ్రతను బట్టే. వీన్ నియమం ప్రకారం 4,800 కెల్విన్ వస్తువు అత్యధికంగా వెలువరించే తరంగదైర్ఘ్యం 604 నానోమీటర్లు, సరిగ్గా నారింజ రంగు ప్రాంతం. అయితే జాగ్రత్త. సూర్యుడికి అదే లెక్క వేస్తే 502 నానోమీటర్లు, ఆకుపచ్చ వస్తుంది. సూర్యుడు ఆకుపచ్చగా లేడు కదా. కంటికి కనిపించే రంగు అన్ని తరంగదైర్ఘ్యాల కలయిక. శిఖరం ఒక్కటే దాన్ని నిర్ణయించదు.

రెండో వాక్యంలో ఉంది చిక్కు. దీపావళి రాత్రి కాకరపువ్వొత్తి వెలిగించి ఉంటారు. దాని రవ్వలు తెల్లగా, కుంపటిలోని బొగ్గుల కంటే ఎంతో వేడిగా ఉంటాయి. అయినా చేతి మీద ఒక రవ్వ పడితే చురుక్కుమని ఆరిపోతుంది. చలికాలంలో ఇల్లు వెచ్చబరిచేది మాత్రం ఎర్రని బొగ్గుల కుంపటి. ఎందుకంటే రవ్వ చిన్నది, కుంపటి పెద్దది. ఒక్కో చదరపు సెంటీమీటరు ఎంత శక్తి ఇస్తుందనేది ఒక సంగతి, మొత్తం ఎన్ని చదరపు సెంటీమీటర్లు ఉన్నాయనేది మరో సంగతి. రంగు మొదటిదే చెబుతుంది. రెండోది తెలియాలంటే దూరం కావాలి.

దూరం నుంచి పరిమాణానికి

ముక్కు ముందు వేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, తరువాత రెండో కన్ను మూసి చూడండి. వెనుక గోడ మీద వేలు జరిగినట్టు కనిపిస్తుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ ఆరు నెలల తేడాతో చూసినప్పుడు దగ్గరి తారలు దూరపు తారల నేపథ్యంలో అలాగే జరుగుతాయి. దీన్నే పారలాక్స్ అంటారు. డిఫ్డా పారలాక్స్ కోణం సెకనులో 0.034 వంతు మాత్రమే. వరంగల్‌లో ఎవరైనా రెండున్నర సెంటీమీటర్ల పాత రూపాయి బిళ్ళ పట్టుకుని నిలబడితే, హైదరాబాదు నుంచి ఆ బిళ్ళ ఎంత కోణంలో కనిపిస్తుందో రమారమి అంత. భూమి మీది గాలి చలనం వల్ల తార బింబమే సుమారు ఒక సెకను మేర అలుక్కుపోతుంది కనుక ఇంత చిన్న కోణాన్ని నమ్మకంగా కొలవడం కష్టం. 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం వాతావరణం పైనుంచి ఆ పని చేసింది. ఫలితం: డిఫ్డా దూరం 29.5 పార్‌సెక్‌లు, అంటే సుమారు 96 కాంతి సంవత్సరాలు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క మీరే వేస్తే గుర్తుంటుంది.

సూర్యుడిని తీసుకెళ్లి డిఫ్డా పక్కన, 96 కాంతి సంవత్సరాల దూరంలో పెట్టామనుకుందాం. అక్కడి నుంచి సూర్యుడి దృశ్య ప్రకాశ పరిమాణం 7.2 అవుతుంది. చక్కటి చీకటి ఉన్నా మామూలు కంటికి 6 వరకే కనిపిస్తుంది. అంటే మన సూర్యుడు కనిపించనే కనిపించడు. డిఫ్డా పరిమాణం 2.0. తేడా 5.2. ఈ కొలమానంలో సంఖ్య తగ్గితే వెలుగు పెరుగుతుందనీ, 5 పరిమాణాల తేడా అంటే సరిగ్గా 100 రెట్లనీ గుర్తుంచుకోండి. కాబట్టి కంటికి కనిపించే కాంతిలో డిఫ్డా సూర్యుడి కంటే దాదాపు 116 రెట్లు ప్రకాశవంతమైనది. చల్లని తార కనుక దాని శక్తిలో కొంత భాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పోతుంది. అదీ కలిపితే సుమారు 140 రెట్లు.

ఇక స్టెఫాన్ నియమం. ఒక చదరపు మీటరు వెలువరించే శక్తి ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమంగా ఉంటుంది. 4,800ని 5,770తో భాగిస్తే 0.832. దాని నాలుగో ఘాతం 0.48. అంటే డిఫ్డా ఉపరితలంలోని ప్రతి చదరపు మీటరూ సూర్యుడి ఉపరితలం ఇచ్చే శక్తిలో సగం కూడా ఇవ్వడం లేదు. అయినా మొత్తం వెలుగు 140 రెట్లు ఉందంటే, ఉపరితల వైశాల్యం 140ని 0.48తో భాగించినంత, అంటే సుమారు 292 రెట్లు ఉండాలి. వైశాల్యం వ్యాసార్ధ వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక వర్గమూలం తీయండి: 17. డిఫ్డా వ్యాసార్ధం సూర్యుడి వ్యాసార్ధానికి 17 రెట్లు, దాదాపు ఒక కోటీ 20 లక్షల కిలోమీటర్లు.

ఇది కేవలం కాగితం మీది ఊహ కాదు. దూరదూరంగా ఉంచిన దర్పణాల కాంతిని కలిపి కొలిచే వ్యతికరణ పద్ధతిలో ఈ తార బింబపు కోణీయ వ్యాసాన్ని నేరుగా కొలిచారు. ఆ కొలతను దూరంతో గుణించినా 17 దగ్గరే వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులు ఒకే ఇంటికి చేరితే, ఆ ఇంటిని నమ్మవచ్చు.

సూర్యుడి కంటే మూడు రెట్ల బరువైనా లేని పదార్థం (అంచనాలు 2.8 నుంచి 3.5 రెట్ల వరకు ఉన్నాయి, 2.8 తీసుకుందాం) సూర్యుడి కంటే 4,900 రెట్ల ఘనపరిమాణంలో పరుచుకుని ఉంది. సగటు సాంద్రత లెక్క కట్టండి. మనం పీల్చే గాలి కంటే తక్కువ వస్తుంది. మధ్యలో అత్యంత సాంద్రమైన చిన్న కేంద్రం, చుట్టూ విస్తారమైన పలుచని వాయువు: మహాతార అంటే ఇదే.

లోపల ఏమి జరిగింది?

డిఫ్డా పుట్టుకతో ఇలా లేదు. మొదట్లో అది సిరియస్ కంటే కాస్త బరువైన, అటువంటిదే అయిన తెల్లని తార. దాని కేంద్రంలో హైడ్రోజన్ సంలీనం చెంది హీలియంగా మారుతూ ఉండేది. తారల జీవితంలో ఈ దశను ప్రధాన శ్రేణి అంటాం. బరువైన తారకు ఇంధనం ఎక్కువ, కానీ ఖర్చు అంతకు మించి ఎక్కువ. ఆయుర్దాయం ద్రవ్యరాశి రెండున్నర ఘాతానికి విలోమంగా ఉంటుందనే స్థూల సూత్రం ప్రకారం, సూర్యుడికి 1,000 కోట్ల ఏళ్లయితే ఈ తారకు 76 కోట్ల ఏళ్లు వస్తుంది. సవివరమైన గణనల్లో ఇంకా తక్కువే. మన భూమి వయసు 450 కోట్ల ఏళ్లకు పైనే కనుక, ఈ ‘ముసలి’ తార పుట్టేనాటికే మన భూమి మీద సముద్రాలున్నాయి, వాటిలో జీవం ఉంది. తారల విషయంలో ముసలితనం అంటే గడిచిన ఏళ్లు కాదు, ఖర్చయిన ఇంధనం.

కేంద్రంలో హైడ్రోజన్ అయిపోయాక, పైబరువును మోసే శక్తి ఉత్పత్తి అక్కడ ఆగుతుంది. కేంద్రం కుంచించుకుపోతుంది. కుంచించుకుపోయే వాయువు వేడెక్కుతుంది. ఆ వేడికి కేంద్రం చుట్టూ ఉన్న పొరలో హైడ్రోజన్ రాజుకుంటుంది. ఆ పొర నుంచి వచ్చే శక్తికి పైభాగాలు ఉబ్బి, ఉబ్బినకొద్దీ చల్లబడతాయి. విద్యార్థులు తరచూ తికమకపడేది ఇక్కడే. పైన చల్లబడుతున్నది, లోపల మునుపటి కంటే ఎక్కువ వేడెక్కుతున్నది; రెండూ ఒకే సంఘటనకు రెండు ముఖాలు.

కేంద్రం ఉష్ణోగ్రత 10 కోట్ల కెల్విన్ చేరుకోగానే మూడేసి హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్‌గా మారడం మొదలవుతుంది. భవిష్యత్తులో మన సూర్యుడి వంటి తేలిక తారలో ఇది ఒక్క పెట్టున అంటుకుంటుంది. డిఫ్డా అంత బరువున్న తారలో మెల్లగా రాజుకుంటుంది. డిఫ్డా ఇప్పుడు ఈ హీలియం దశలో ఉందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఈ దశ పది కోట్ల ఏళ్ల స్థాయిలో సాగుతుంది. కనుక ఇది ఆరిపోబోతున్న దీపం కాదు; వత్తి మార్చుకుని నిలకడగా వెలుగుతున్న దీపం. ఆ తరువాత మరోసారి ఉబ్బి, పైపొరలు వదిలేసి, శ్వేత కుబ్జతారగా మిగులుతుంది. పేలిపోయేంత బరువు దీనికి లేదు.

దూరం తెలియకపోతే?

పైన వేసిన లెక్కంతా పారలాక్స్ మీద ఆధారపడింది. ఉపగ్రహాలు రాకముందు చాలా తారలకు నమ్మదగిన పారలాక్స్ లేదు. అప్పుడు ఒక నారింజ చుక్క దగ్గరి చిన్న తారో, దూరపు మహాతారో చెప్పడమెలా? రెండింటి రంగూ ఒకటే కదా.

ఇక్కడ మన హైదరాబాదు కుర్రాడి ప్రస్తావన వస్తుంది. వేణు బప్పు 1927లో మద్రాసులో మలయాళీ కుటుంబంలో పుట్టారు. తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. అబ్బాయి నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో 1949లో హార్వర్డ్ వెళ్లారు. తరువాత కాలిఫోర్నియాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి, సూర్యుడి వంటి, ఇంకా చల్లని 185 తారల వర్ణపటాలు పరిశీలించారు. ఫలితాలు 1957లో వెలువడ్డాయి.

వారు చూసింది కాల్షియం ‘కె’ రేఖను. ఊదా రంగు చివర ఉండే ఈ నల్లని శోషణ రేఖ మధ్యలో, సన్నని వెలుగు గీత ఒకటి ఉంటుంది. తార ఉపరితలానికి పైనుండే క్రోమోస్ఫియర్ అనే పలుచని పొర నుంచి అది వస్తుంది. ఆ వెలుగు గీత ఎంత వెడల్పుగా ఉంటే తార సహజ ప్రకాశం అంత ఎక్కువ అని విల్సన్, బప్పు కనుగొన్నారు. గీత ప్రకాశంతో నిమిత్తం లేదు, వెడల్పే ముఖ్యం. నేటి కొలతల ప్రకారం సూత్రం ఇది: గీత వెడల్పును సెకనుకు కిలోమీటర్లలో రాసి, దాని సంవర్గమానాన్ని 18తో గుణించి, 33.2 నుంచి తీసివేస్తే తార నిరపేక్ష ప్రకాశ పరిమాణం వస్తుంది. వెడల్పు 38 అని తీసుకుంటే సుమారు 4.8 వస్తుంది, అది సూర్యుడి విలువ. 73 అని తీసుకుంటే సున్నాకు కాస్త కిందికి, రుణ 0.3 వస్తుంది, అది డిఫ్డా విలువ. అంటే దూరం తెలియకపోయినా, వర్ణపటంలో ఒక గీత వెడల్పు చూసి ఇది మహాతార అని చెప్పేయవచ్చు. ఫలితంలో అర పరిమాణానికి కాస్త పైన తేడా రావచ్చు, దూరంలో అది 30 శాతం దాకా పొరపాటు. అయినా అంతకుముందు అసలేమీ తెలియని చోట ఇది ఎంత పెద్ద అడుగో ఆలోచించండి.

డిఫ్డా విషయంలో ఆ పైపొరలు ఇంకో ఆశ్చర్యం కూడా దాచుకున్నాయి. ఉబ్బిన తార భ్రమణం నెమ్మదించాలి; నెమ్మదిస్తే అయస్కాంత చర్య సద్దుమణగాలి. ఇది మాత్రం సూర్యుడి కంటే సుమారు 2,000 రెట్ల ఎక్స్‌కిరణాలు వెలువరిస్తోంది. 2010–2012 మధ్య జరిపిన పరిశీలనల్లో దాని అయస్కాంత క్షేత్రాన్ని కొలిస్తే కొద్ది గాస్‌లు తేలింది. అది తెల్లని తారగా ఉన్ననాటి బలమైన క్షేత్రపు అవశేషం కావచ్చునని ఒక వివరణ. ఇప్పటికీ దీని మీద పరిశోధన సాగుతోంది.

మీర్‌పేట్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటి వెళ్తే జపాల్–రంగాపూర్ వేధశాల వస్తుంది. బేగంపేట మీద దీపాల వెలుగు పెరిగిపోవడంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం చీకటి వెతుక్కుంటూ అంత దూరం వెళ్లి, 1968లో 48 అంగుళాల దూరదర్శినిని అక్కడ నెలకొల్పింది. ఇప్పుడు నగరం వెలుగు ఆ దారినే వెంబడిస్తోంది. నేను మీర్‌పేట్‌కు వచ్చిన కొత్తలో చెరువు కట్ట మీద నుంచి తిమింగలం మండలంలో సగం తారలు లెక్కపెట్టేవాణ్ని. ఇప్పుడు డిఫ్డా ఒక్కటే నమ్మకంగా కనిపిస్తుంది.

అభ్యాసం: అదే రాత్రి తూర్పున రోహిణి నక్షత్రం పైకి వస్తుంటుంది. అదీ నారింజ మహాతారే. దాని ఉపరితల ఉష్ణోగ్రత 3,900 కెల్విన్, మొత్తం ప్రకాశం సూర్యుడి కంటే సుమారు 440 రెట్లు. పైన డిఫ్డాకు వేసిన పద్ధతిలోనే రోహిణి వ్యాసార్ధం కట్టండి. 46కు దగ్గరగా రావాలి. రాకపోతే ఉష్ణోగ్రతల నిష్పత్తిని నాలుగో ఘాతానికి పెంచారో లేదో చూసుకోండి.